వేడి మీద మొరాయించే పాత బండి

పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం ఎక్కడో పావుగంట ఆపి వచ్చి మళ్లీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది గానీ ఇంజన్ అందుకోదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. అతను వచ్చేసరికి ముప్పావుగంట అవుతుంది. తాళం తిప్పుతాడు, బండి టక్కున స్టార్ట్ అవుతుంది. "మంచిగనే ఉంది కద సార్" అంటాడు. అతని తప్పేమీ లేదు. అతను వచ్చే వేళకి చూపించడానికి జబ్బు మిగల్లేదు, అంతే.

నేను సింగరేణిలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. కొత్తగూడెంలో ఉంటాను. ఇంట్లో 2002 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ బాధకి కంపెనీ భేదం లేదు. 1998లో వచ్చిన శాంట్రో నుంచి, 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐకి (కార్బురేటర్ బదులు, కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్‌ని ఇంజెక్టర్లు చిమ్మే పద్ధతి) మారిన మారుతి 800 దాకా, ఆ తరం ఇంజెక్షన్ బండ్లు ఇప్పటికీ మా వైపు రోడ్ల మీద చాలానే తిరుగుతున్నాయి. వయసు మీదపడ్డ ఇంజెక్షన్ బండి, రోహిణి కార్తె ఎండ రెండూ కలిస్తే ఈ సమస్య రావడం మామూలే. దీని పేరు చెప్పి పంపు మార్చి, ప్లగ్గులు మార్చి, బ్యాటరీ మార్చి, చివరికి విసుగొచ్చి బండే అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. అందులో చాలా ఖర్చు అనవసరం. ఈ జబ్బు ఉండేది ఆ ఇరవై, ముప్పై నిమిషాలే. పట్టుకోవాలంటే ఆ కాసేపట్లోనే పట్టుకోవాలి, అదీ బండి పక్కన ఉన్న మనమే పట్టుకోవాలి.

మొదట ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుందో చెబుతాను. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్తూ పాల్వంచ దాటాక పెద్దమ్మ తల్లి గుడి దగ్గర ఆగని బండి ఉండదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. దిగి, చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, దర్శనం చేసుకుని వచ్చేసరికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. బండి ఆపగానే ఇంజన్ చల్లబడుతుందని మనం అనుకుంటాం. నిజానికి రోడ్డు మీద పరుగెడుతున్నంతసేపూ ఎదురుగాలి, రేడియేటర్ నీళ్లు వేడిని మోసుకుపోతుంటాయి. తాళం తీయగానే రెండూ ఆగిపోతాయి. బాగా కాలిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం), 90 డిగ్రీల నీళ్లున్న బ్లాకు తమ వేడినంతా బానెట్ కింద ఉన్న పైపులకి, సెన్సర్లకి, సెల్ఫ్ మోటారుకి అప్పగిస్తాయి. నడుస్తున్నప్పటి కన్నా ఆగిన తరువాతే ఆ సామాన్లు ఎక్కువ కాలతాయి. అందుకే అయిదు నిమిషాలు ఆపితే బండి స్టార్ట్ అవుతుంది, రెండు గంటలు ఆపినా అవుతుంది. మధ్యలో పావుగంట నుంచి ముప్పావుగంట దాకా ఆపితేనే కష్టం. మీ బండి ఈ లెక్కకి సరిపోతే జబ్బుకి కారణం వేడే. ఎంతసేపు ఆపినా ఒకేలా మొరాయిస్తుంటే కారణం వేరే చోట వెతకాలి.

ఆ స్థితిలో బండి మొరాయించగానే అదేపనిగా సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కొట్టి, సెల్ఫ్ ఎలా తిరుగుతోందో చెవిపెట్టి వినండి. మీటర్‌లో ఆర్‌పీఎం ముల్లు ఉంటే దాని మీద ఒక కన్నేసి ఉంచండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సెల్ఫ్ బరువుగా, మూలుగుతూ తిరుగుతుంటే, లేదా టక్ మని ఆగిపోతుంటే పెట్రోల్ జోలికి వెళ్లక్కర్లేదు. అది కరెంటు సమస్య. రాగి తీగ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. సెల్ఫ్ మోటారు మామూలు కన్నా 60 డిగ్రీలు ఎక్కువ కాలితే దాదాపు నాలుగో వంతు పెరిగినట్టే. దానికి తోడు బుష్షులు అరిగి, బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి కలిపే ఎర్త్ వైరు తుప్పుపట్టి ఉంటే పొద్దున లాగిన మోటారు మధ్యాహ్నం లాగలేదు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్ బ్లాకుకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు పాడైనట్టే. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 9.6 వోల్టుల కన్నా దిగితే బ్యాటరీని అనుమానించండి. ఆ ఎర్త్ వైరు (ఎర్త్ స్ట్రాప్) మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో కాదు. కానీ అది మార్చమని ఎవరూ చెప్పరు, బ్యాటరీ మార్చమనే చెబుతారు.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం ఒక్కసారి కూడా దగ్గడం లేదు, ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద నుంచి కదలడం లేదు. ఇలా ఉంటే చాలా బండ్లలో ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌ని. ఇంజన్ తిరుగుతోందన్న సంగతి కంప్యూటర్‌కి చెప్పేది అదే. అది నోరు మూసుకుంటే కంప్యూటర్ దృష్టిలో ఇంజన్ తిరగడం లేదు, కాబట్టి స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ వదలదు. లోపల వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి కాగి చల్లారి, ఎక్కడో ఒక చోట తీగ చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ అంటుకునే ఉంటాయి, కాలితే విడిపోతాయి. రెండు వైర్ల మ్యాగ్నెటిక్ సెన్సర్ అయితే కప్లర్ (వైర్లని సెన్సర్‌కి తగిలించే ప్లాస్టిక్ జాయింటు) తీసి మీటర్ పెట్టి చూడొచ్చు. చల్లటి ఇంజన్‌లో కొన్ని వందల ఓమ్‌లు చూపించి, మొరాయించినప్పుడు ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే ఇక చర్చే అక్కర్లేదు. లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండే హాల్ రకం సెన్సర్‌ని మాత్రం ఓమ్‌లతో తేల్చలేం. పాత డ్రైవర్లు కొందరు సెన్సర్ మీద కాసిని నీళ్లు పోసి బండి తీస్తారు. దారిలో చిక్కుకుంటే ఆ పని చేయొచ్చు. అయితే నీళ్లు సెన్సర్ మీదే పడాలి. కాలిన మ్యానిఫోల్డ్ మీద పడితే అది పగిలే ప్రమాదం ఉంది.

ఇక సెల్ఫ్ బాగా తిరుగుతూ, ముల్లు కదులుతూ, ఇంజన్ అందుకోబోయి అందుకోలేక దగ్గుతుంటే అప్పుడు పెట్రోల్ సంగతి చూడాలి. ఇక్కడ రెండు దారులు. పెట్రోల్ చాలకపోవడం, లేదా మరీ ఎక్కువ కావడం. రెండింటికీ సెల్ఫ్ ఒకేలా తిరుగుతుంది, వైద్యం మాత్రం పూర్తిగా ఎదురెదురు.

అంబాసిడర్, ఫియట్ నడిపిన తరానికి తడిగుడ్డ గుర్తుండే ఉంటుంది. ఘాట్ ఎక్కి ఆగిన బండికి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పి, పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేసేవాళ్లు. పైపులో పెట్రోల్ మరిగి ఆవిరైపోతే పంపు ఆవిరినే పీల్చి ఊరుకునేది. పెట్రోల్‌లో తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. మన ఎండలో అది నీడలో ఉన్నా మరిగే వేడే. ఇంజెక్షన్ వచ్చాక ఈ బాధ తగ్గడానికి కారణం ప్రెజర్. ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే ఫ్యూయల్ రైల్‌లో సుమారు 2.5 నుంచి 3.5 బార్ ప్రెజర్ ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడంత). కుక్కర్‌లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగనట్టే, ఆ ప్రెజర్‌లో పెట్రోల్ కూడా అంత తేలిగ్గా మరగదు. కాబట్టి ఇంజన్ ఆపాక కూడా ఆ ప్రెజర్ కాసేపు నిలబడి ఉండాలి. ఇంజెక్షన్ తొలిరోజుల నుంచే ఈ సంగతి తెలుసు. 1973లో బాష్ కంపెనీ తెచ్చిన కె-జెట్రానిక్ పద్ధతిలో ఇంజన్ ఆగాక ప్రెజర్ పట్టి ఉంచడం కోసమే అక్యుములేటర్ అని విడిగా ఒక డబ్బా పెట్టారు. మన బండ్లలో ఆ పని పంపులో ఉండి పెట్రోల్‌ని వెనక్కి పోనివ్వని చిన్న చెక్ వాల్వ్, ప్రెజర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్, ఇంజెక్టర్లు మూడూ కలిసి చేస్తాయి. ఈ మూడింటిలో ఏది కారినా ప్రెజర్ పోతుంది, రైల్‌లో పెట్రోల్ మరిగి ఆవిరవుతుంది, ఇంజెక్టర్ తెరుచుకుంటే ఆవిరే వస్తుంది.

దీన్ని ఏ పనిముట్టూ లేకుండా పరీక్షించే పద్ధతి ఒకటుంది. మొరాయించిన బండిలో తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక ట్యాంకులో పంపు రెండు సెకన్లు గుయ్ మని ఆగుతుంది. తాళం తీసి మళ్లీ ఆన్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే ప్రెజర్ కారిపోతోందనే అర్థం. మీరు ఇంటికి చేరే ఉపాయం కూడా అదే.

నా మేనల్లుడి బండిది సరిగ్గా ఇదే జబ్బు. పాల్వంచలో ఉంటాడు. "మామయ్యా, తాళం అన్నిసార్లు తిప్పితేనే స్టార్ట్ అవుతోంది, అమ్మేయమంటావా?" అని ఫోన్ చేశాడు. "అమ్మడం తరువాత సంగతి, ముందు బండి తీసుకుని రారా" అన్నాను. ఫ్యూయల్ రైల్‌కి ప్రెజర్ గేజ్ తగిలించాం. ఐడ్లింగ్‌లో ముల్లు 2.3 బార్ దగ్గర ఉంది, రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు పీకితే 2.8కి ఎగబాకింది. అంటే నడుస్తున్నంతసేపూ ఏ లోపమూ లేదు. తాళం తీసేయగానే ముల్లు దిగడం మొదలుపెట్టింది. ఆగి ఆగి దిగడం కాదు, గడియారం ముల్లు కదిలినట్టు కళ్ల ముందే జారుతూ అయిదు నిమిషాల లోపే సున్నాకి చేరింది. మంచి బండిలో అరగంట తరువాత కూడా 2 బార్ దగ్గర నిలబడాలి. పీకిన వ్యాక్యూమ్ పైపు వాసన చూశాం, పొడిగా ఉంది. లోపల పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి పొర (డయాఫ్రం) చిరిగినట్టు. తరువాత మళ్లీ పంపు తిప్పి, తిరుగు పెట్రోల్ ట్యాంకుకి వెళ్లే రబ్బరు పైపుని క్లాంప్‌తో నొక్కి పట్టాం. అయినా ముల్లు దిగింది. కాబట్టి రెగ్యులేటర్ తప్పు లేదు. ఈసారి పంపు నుంచి వచ్చే పైపుని పంపు ఆగిన మరుక్షణం నొక్కాం. ముల్లు ఉన్నచోటే ఆగింది. మేం టీ తాగి వచ్చినా కదల్లేదు. పెట్రోల్ వెనక్కి పంపులోంచే ట్యాంకులోకి జారుతోందన్నమాట. ఇంజెక్టర్లు నాలుగూ విప్పించి క్లీనింగ్ చేయించే ఖర్చు తప్పింది. పంపు మార్చాం, బండి దారిలో పడింది.

ఈ పని చేసేవాళ్లకి ఒక మాట గట్టిగా చెబుతాను. రైల్ పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపి ప్రెజర్ తీసేయండి. ఇంజన్ చల్లారాకే విప్పండి, జాయింట్ చుట్టూ గుడ్డ చుట్టండి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోండి. రబ్బరు పైపునే నొక్కండి, ప్లాస్టిక్ పైపుని నొక్కితే చిట్లుతుంది. కాలిన ఇంజన్ మీద పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో ఊహించుకోవాలంటేనే నాకు వణుకు. ధైర్యం చాలకపోతే గేజ్ ఉన్న వర్క్‌షాపులో మీ కళ్ల ముందే చూపించమని అడగండి.

రెండో దారి, పెట్రోల్ ఎక్కువైపోవడం. దీనికీ తేలిక పరీక్ష ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా అదిమి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో ఆ స్థితిలో కంప్యూటర్ పెట్రోల్ ఆపేసి ఉత్త గాలినే లోపలికి వెళ్లనిస్తుంది. అలా కొడితే ఇంజన్ దగ్గుతూ అందుకుని, వెనక నల్లటి పొగ వదిలితే ఫ్లడ్ అయినట్టే. దానికి కారణం ఇంజెక్టర్ కారడం కావచ్చు, ట్యాంకు ఆవిర్లని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ మూసుకోకపోవడం కావచ్చు. పర్జ్ వాల్వ్‌దైతే ముఖ్యంగా బంకులో పెట్రోల్ కొట్టించిన వెంటనే మొరాయిస్తుంది. లేకపోతే టెంపరేచర్ సెన్సర్ కంప్యూటర్‌కి తప్పు చెబుతుండొచ్చు.

మా సొంత బండిలో తేలింది ఈ మూడోదే. మైలేజీ తగ్గింది, ప్లగ్గులు విప్పితే మసి. మీటర్‌లో వేడి ముల్లు మాత్రం బుద్ధిగా మధ్యలోనే ఉంటుంది. అందుకే ఎవరూ సెన్సర్ వైపు చూడలేదు. ఆ తరం బండ్లు చాలావాటిలో మీటర్ ముల్లుకి ఒక సెండర్, కంప్యూటర్‌కి ఇంకో సెన్సర్ విడివిడిగా ఉంటాయి. ముల్లు సరిగ్గా ఉందంటే కంప్యూటర్‌కి అందే లెక్క సరిగ్గా ఉందని కాదు. ఈ సెన్సర్ చల్లగా ఉంటే ఎక్కువ రెసిస్టెన్స్, వేడెక్కితే తక్కువ చూపిస్తుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,200 నుంచి 2,700 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల.

ఒక మధ్యాహ్నం బండిని కావాలనే ఊరంతా తిప్పి తెచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగాక, పావుగంట ఉంచాను. తాళం ఆన్ చేసి, సన్న గుండుసూదులు కప్లర్ వెనక నుంచి రెండు వైర్ల పక్కగా దూర్చి మీటర్ పెట్టాను. కాలిన ఇంజన్‌కి అర వోల్టు చుట్టుపక్కల రావాలి. 2.6 వోల్టులు వస్తోంది. ఇంజన్ తెల్లవారుజామున ఉన్నంత చల్లగా ఉందని కంప్యూటర్ నమ్ముతోంది, ఆ లెక్కనే పెట్రోల్ గుమ్మరిస్తోంది. తాళం తీసి, కప్లర్ విప్పి సెన్సర్ పిన్నుల మీద ఓమ్‌లు చూశాను. 300కి దగ్గర. సెన్సర్ నిక్షేపంగా ఉంది! టార్చి వేసి కప్లర్ లోపల చూస్తే ఒక పిన్ను మీద పచ్చటి చిలుము, పాత ఇత్తడి బిందె అడుగున పట్టేలాంటిది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్న ఎమరీ ముక్కతో గీకి, వదులైన ఆడపిన్నుని కొంచెం బిగించి తగిలించాను. మీటర్ 0.55 చూపించింది. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. కప్లర్ చూడకుండా కొత్త సెన్సర్ కొని వేసి ఉన్నా బండి కొన్నాళ్లు బాగానే నడిచేది. ఊడదీసి మళ్లీ తగిలించడంలోనే పిన్ను మీది చిలుము కాస్త రాలిపోతుంది. అప్పుడు పేరు కొత్త సెన్సర్‌కి దక్కేది. రెండు నెలలకి జబ్బు తిరగబెడితే "ఈ సెన్సర్ డూప్లికేట్, ఒరిజినల్ వేయాలి" అనేవాళ్లు. పాత బండ్లలో సామాన్ల మీద పెట్టే డబ్బులో ఎంత భాగం ఇలా పోతోందో తలుచుకుంటే బాధేస్తుంది. ముందు కప్లర్లు చూడండి.

రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, గురించి కూడా చెప్పాలి. ఇది ఇంజన్ వేడితో వచ్చేది కాదు, ఎండలో ఆపిన బండి లోపలి వేడితో వస్తుంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే లోపల సోల్డర్ టంకాలు పాతబడి, వాటి చుట్టూ కంటికి కనిపించని ఉంగరంలా పగుళ్లు వస్తాయి. మూసిన కారు లోపల ఎండకి కాగిపోయాక ఆ పగులు విచ్చుకుంటుంది, పంపుకి కరెంటు రాదు. గుర్తు పట్టడం సులువు. తాళం ఆన్ చేసినప్పుడు వెనక పంపు గుయ్ మనదు. అద్దాలు దించి కాసేపు గాలి ఆడనిస్తే మళ్లీ పలుకుతుంది. 1990ల నాటి కార్లు సరిచేసే ఆటో ఎలక్ట్రీషియన్లకి ఇది బాగా తెలిసిన విషయమే. రిలే మూత తీసి టంకాలన్నిటికీ కొత్తగా సోల్డర్ పెడితే చాలు. టీవీ, రేడియో రిపేరు చేసే ఏ మంచి పనివాడైనా చేయగలడు.

ఈమధ్య అందరూ ఇథనాల్‌ని అంటున్నారు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు దాదాపు ఎక్కడ కొట్టించినా అదే. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరిగినా, పెట్రోల్‌లో కలిస్తే మొత్తం మిశ్రమం కాస్త తేలిగ్గా ఆవిరయ్యే గుణం దానికుంది. పాత రబ్బరు పైపులకి, వాషర్లకి అది పడదన్న మాట కూడా నిజం. కానీ రైల్‌లో ప్రెజర్ నిలబెట్టుకునే బండికి వేడి మీద స్టార్టింగ్ బాధ ఈ20తో కొత్తగా వచ్చిందంటే నేను ఒప్పుకోను. అప్పటికే కారుతున్న చెక్ వాల్వ్ సంగతి ఈ పెట్రోల్ కాస్త ముందుగా బయటపెడుతుందంతే. పైపుల విషయంలో మాత్రం అశ్రద్ధ చేయొద్దు. బానెట్ తీసి పెట్రోల్ పైపులని వేళ్లతో మడిచి చూడండి. పైన సన్న పగుళ్లు కనిపించినా, పైపు గట్టిపడి వంగకపోయినా, లేక మరీ మెత్తబడి ఉబ్బినా మార్చేయండి. ఇంజెక్షన్ ప్రెజర్‌కి తగిన పైపే అడిగి తీసుకోండి. షాపులో చౌకగా ఇచ్చే కార్బురేటర్ పైపు ఆ ప్రెజర్‌కి ఆగదు. క్లిప్పులు కూడా కొత్తవే వేయించండి.

మేనల్లుడి బండికి పంపు మారిందిగానీ పైపులు ఇంకా పాతవే. వచ్చే ఆదివారం రమ్మన్నాను. పైపులు మార్చి, ఎర్త్ స్ట్రాప్ విప్పి శుభ్రం చేసి, మధ్యాహ్నం గేజ్ తగిలించి అరగంట కూర్చుని ముల్లు ఎక్కడ నిలబడుతుందో చూడాలి.